పెట్రోలుకు వన్నె కట్టేదెలా?

బాలలూ, బంగారానికి వన్నె ఉంటుందని మీకు తెలుసు. కంసాలి నగను గీటురాయి మీద గీసి, ఆ గీత రంగు చూసి బంగారం మేలిమో కాదో చెప్పేస్తాడు. పాలు కొనేవాళ్ళు చిక్కదనం చూస్తారు. ధాన్యం కొనేవాళ్ళు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, తాలు ఎంతో గట్టి ఎంతో చూస్తారు. మరి పెట్రోలుకు వన్నె కట్టడం ఎలా? చూడబోతే అది నీళ్ళలాగా పలచగా ఉంటుంది. వాసన చూసినా, వేళ్ళతో తాకినా మంచిదేదో చెడ్డదేదో తెలియదు. అయినా పెట్రోలు బంకుల్లో 95 అనీ, 100 అనీ అంకెలు కనిపిస్తాయి. వాటి పక్కనే ఇ-20 అని మరొకటి రాసి ఉంటుంది. ఈ అంకెల వెనక వంద ఏళ్ళ కథ ఉంది. అందులో పట్టుదల ఉంది, పొరపాటున దొరికిన నిజం ఉంది, పెద్ద తప్పు కూడా ఒకటి ఉంది.

నెల్లూరు తీరాన, స్వర్ణముఖి నది సముద్రంలో కలిసే ప్రాంతానికి దగ్గరగా కోట అనే ఊరు ఉంది. ఇటు వరిపొలాలు, అటు కొత్తపట్నం వైపు సముద్రం. తెల్లవారితే చాలు, పాలక్యాన్లు కట్టిన మోపెడ్లూ, బడిపిల్లల ఆటోలూ, గూడూరుకు పనిమీద పోయేవాళ్ళ మోటారు సైకిళ్ళూ రోడ్డెక్కుతాయి. ఇటువంటి ఊళ్ళలో చాలా కుటుంబాలకు ఇల్లూ పొలమూ తరవాత అంత విలువైన వస్తువు ఆ బండే. దానికి ఏదన్నా అయితే పాలు అమ్ముడుపోవు, చేపలబుట్ట సంతకు చేరదు.

అందుకనే 2025లో దేశమంతటా పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఆల్కహాలు కలపడం మొదలయ్యేసరికి, ఎక్కడ చూసినా ఇదే మాట. "మునుపు లీటరుకు యాభై కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు రావడం లేదు," అని ఒకరు. "ఆల్కహాలు ఇంజనును తినేస్తుందట," అని ఇంకొకరు. "అదేమీ లేదు, దీనికి ఆక్టేను ఎక్కువ, బండి గుర్రంలాగా పోతుంది," అని మూడో ఆయన. వీళ్ళలో ఎవరి మాట నిజం? తమాషా ఏమిటంటే, ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది, ముగ్గురి మాటలోనూ కొంత పొరపాటు ఉంది. ఏది ఎంతో తేల్చుకోవాలంటే ముందు మనం ఇంజను లోపలికి తొంగి చూడాలి.

ఇంజను లోపల ఏం జరుగుతుంది?

బండి ఇంజనులో సిలిండరు అనే గొట్టం ఉంటుంది. అందులో పిస్టను కిందికీ పైకీ ఆడుతూ ఉంటుంది. పిస్టను నాలుగు అడుగుల్లో పని చేస్తుంది. మొదటిసారి కిందికి దిగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ లోపలికి పీల్చుకుంటుంది. రెండోసారి పైకి పోతూ ఆ మిశ్రమాన్ని గట్టిగా అదుముతుంది. అప్పుడు స్పార్కు ప్లగ్గు చిటుక్కుమని ఒక నిప్పురవ్వ వేస్తుంది. మంట అంటుకుని, వేడి వాయువులు వ్యాకోచించి, పిస్టనును కిందికి తోస్తాయి. ఇది మూడో అడుగు. చక్రం తిరగడానికి బలం ఇచ్చేది ఇదొక్కటే. నాలుగోసారి పిస్టను పైకి పోతూ పొగను బయటికి నెడుతుంది. ఈ పద్ధతిలో చక్కగా నడిచే ఇంజనును 1876లో జర్మనీ దేశస్థుడు నికొలస్ ఆటో తయారుచేశాడు.

ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందనుకున్నారు? ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 25 సార్లు నిప్పు అంటుకుంటుంది. పిస్టనును మంట కిందికి తోసే కాలం సెకనులో నూరో వంతు మాత్రమే! మీరు కన్నార్పే లోపల ఆ పని ఎన్నోసార్లు జరిగిపోతుంది.

ఇక్కడ ఒక రహస్యం ఉంది. మిశ్రమాన్ని ఎంత గట్టిగా అదిమితే, అదే పెట్రోలు నుంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. వంద ఏళ్ళ నాటి ఫోర్డు కారు ఇంజను మిశ్రమాన్ని ఇంచుమించు నాలుగో వంతుకు మాత్రమే అదిమేది. ఈనాటి బండ్లు తొమ్మిదో వంతుకూ, పదో వంతుకూ అదుముతాయి. మరి వెనకటి ఇంజనీర్లకు ఈ సంగతి తెలియదా? తెలుసు. కాని వాళ్ళకు ఒక అడ్డంకి వచ్చింది.

టకటకమనే శత్రువు

మీరు సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం గమనించే ఉంటారు. గాలిని అదిమితే వేడెక్కుతుంది. సిలిండరులో కూడా అంతే. దానికి తోడు ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట ముందుకు వస్తూ, ఇంకా కాలని మిశ్రమాన్ని ఒక మూలకు అదుముతుంది. ఆ మూల ఉన్న మిశ్రమం విపరీతంగా వేడెక్కి, మంట తన దగ్గరికి రాకముందే, తనంతట తాను భగ్గుమంటుంది.

గడ్డివామికి ఒక కొసన నిప్పు అంటుకుంటే మంట క్రమంగా పాకుతూ రెండో కొసకు పోతుంది. అలా కాక రెండో కొస కూడా తనంతట తనే ఒక్కసారిగా పేలిపోతే ఎలా ఉంటుంది? సిలిండరులో జరిగేది అదే. అప్పుడు పుట్టే ఒత్తిడి అలలు సిలిండరు గోడలను సుత్తితో కొట్టినట్టు కొడతాయి. ఎత్తు ఎక్కేటప్పుడో, ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పుడో బండి టకటకమని లోహపు చప్పుడు చేయడం మీరు వినే ఉంటారు. "నాకింగ్ కొడుతున్నది," అంటాడు మెకానిక్కు.

దీనివల్ల నష్టం ఏమిటి? ఉయ్యాల ఊపడం మీకు తెలుసు కదా. ఉయ్యాల వెనక్కు వచ్చి, ఆగి, తిరిగి ముందుకు పోబోయే క్షణంలో తోస్తే హాయిగా పైకి పోతుంది. అది ఇంకా మన మీదికి వస్తూండగానే తోశామంటే మన చేతులకు దెబ్బ, ఉయ్యాలలో ఉన్నవాడికి కుదుపు. ఇంజనులోనూ మంటకు వేళ తప్పితే బలం వృథా అయిపోతుంది, వేడి పెరిగిపోతుంది. చాలాకాలం అలాగే నడిపితే పిస్టను పైభాగం కరిగి చిల్లులు పడినా పడవచ్చు.

అంచేత మంచి పెట్రోలు అంటే త్వరగా అంటుకునేది కాదు. తొందరపడనిది! ఎంత అదిమినా, ఎంత వేడెక్కినా, ప్లగ్గు రవ్వ వేసిందాకా ఓపిక పట్టేదే మంచి పెట్రోలు. పెట్రోలుకు కట్టే వన్నె ఈ ఓపికకే.

ఎర్రరంగు కోసం వెతికితే

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు ఉండేవాడు. కార్లకు చేతితో తిప్పే పని లేకుండా కరెంటుతో స్టార్టు చేసే సాధనం కనిపెట్టినది ఆయనే. ఈ టకటక చప్పుడు సంగతి తేల్చమని ఆయన తన దగ్గర పనిచేసే థామస్ మిడ్జ్లీకి 1916లో చెప్పాడు.

చలికాలంలో మంచు ఉండగానే పూసే ఒక చిన్న మొక్క ఉంది. దాని ఆకుల అడుగున ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు వేడిని పట్టుకోవడం వల్లనే అది ముందుగా పూస్తుందనీ, పెట్రోలుకు ఎర్రరంగు వేస్తే అది కూడా వేడిని పట్టి బాగా ఆవిరి అవుతుందనీ వాళ్ళు ఊహించారు. మిడ్జ్లీ ఎర్రరంగు కోసం వెతికితే, చేతికి అయొడిన్ దొరికింది. దాన్నే పెట్రోలులో కలిపి చూశాడు. ఆశ్చర్యం! చప్పుడు తగ్గింది. తరవాత అసలైన ఎర్రరంగులు తెచ్చి వేస్తే ఏమీ తగ్గలేదు! ఊహ తప్పు, కాని దొరికిన దారి నిజం. చప్పుడు తగ్గించినది రంగు కాదు, అయొడిన్ అనే పదార్థం. అంటే పెట్రోలులో ఏదో ఒకటి కలిపి దాని ఓపికను పెంచవచ్చునన్న మాట.

అయొడిన్‌కు ఖరీదు ఎక్కువ, పైగా లోహాన్ని తినేస్తుంది. మిడ్జ్లీ అదీ ఇదీ కలిపి చూస్తూ ఏళ్ళు గడిపాడు. చివరకు 1921 డిసెంబరులో సీసంతో చేసిన ఒక ద్రవాన్ని కలిపి చూస్తే, కొద్ది చుక్కలతోనే చప్పుడు మాయమైంది. 1923 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటన్ నగరంలో సీసం కలిసిన పెట్రోలును మొట్టమొదట అమ్మారు.

గీటురాయి దొరికింది

ఇప్పుడు ఓపికను కొలవడానికి గీటురాయి కావాలి. 1926లో గ్రాహం ఎడ్గర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రెండు పదార్థాలను ఎంచుకున్నాడు. ఒకటి ఐసో ఆక్టేను, మహా ఓపిక గలది. దానికి 100 మార్కులు ఇచ్చాడు. రెండోది హెప్టేను, పరమ తొందరపాటుది. దానికి సున్న. ఒక జాతి పైను చెట్ల జిగురు నుంచి స్వచ్ఛమైన హెప్టేను దొరికేది.

పెట్రోలును పరీక్ష చేయడానికి ఒక ప్రత్యేకమైన ఇంజను ఉంటుంది. అది నడుస్తూండగానే, మిశ్రమాన్ని అదిమే మోతాదును పెంచవచ్చు, తగ్గించవచ్చు. పరీక్ష చేయవలసిన పెట్రోలు పోసి నడుపుతూ, చప్పుడు ఎంత ఉందో చూస్తారు. తరవాత ఐసో ఆక్టేనునూ హెప్టేనునూ రకరకాల పాళ్ళలో కలిపి, అంతే చప్పుడు చేసే మిశ్రమం ఏదో కనుక్కుంటారు. 91 పాళ్ళు ఐసో ఆక్టేను, 9 పాళ్ళు హెప్టేను కలిపిన మిశ్రమంతో సమానమైతే ఆ పెట్రోలు ఆక్టేను అంకె 91. చూశారా, ఆ అంకె బలానికి వేసిన మార్కు కాదు, ఓపికకు వేసిన మార్కు!

ఈ సంగతి చాలామంది పెద్దవాళ్ళకు కూడా తెలియదు. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ మన దేశంలో 100 ఆక్టేను పెట్రోలును అమ్మకానికి పెట్టింది. అది పోస్తే ఏ బండికైనా రెక్కలు వస్తాయని కొందరి నమ్మకం. గట్టిగా అదిమే ఖరీదైన ఇంజన్లకు అది అవసరమే. కాని 91కే హాయిగా నడిచే మోపెడులో 100 పోస్తే ఏమవుతుంది? డబ్బు ఎక్కువవుతుంది, అంతే. చెంబును సముద్రంలో ముంచినా చెంబెడు నీళ్ళే వస్తాయి.

చుక్కల్లో దాగిన విషం

కథలో పెద్ద తప్పు ఉన్నదని మొదట చెప్పాను. అది సీసం. సీసం విషమని ప్రాచీన కాలం నుంచీ మనుషులకు తెలుసు. మిడ్జ్లీకి స్వయంగా సీసపు జబ్బు చేసింది. 1924లో అమెరికాలోని న్యూజెర్సీలో ఆ ద్రవం తయారుచేసే చోట అయిదుగురు పనివాళ్ళు మతిచలించి చనిపోయారు. అయినా అమ్మకం ఆగలేదు. చుక్కలతో పని జరుగుతుంది, కంపెనీలకు లాభం వస్తుంది. అప్పట్లోనే ఆల్కహాలు కలిపినా చప్పుడు తగ్గుతుందని మిడ్జ్లీకీ కెటరింగ్‌కూ తెలుసు. కాని ఆల్కహాలు చుక్కలతో చాలదు, పాళ్ళకు పాళ్ళు పోయాలి. అంచేత ప్రపంచం సీసాన్నే ఎంచుకుంది.

ఆ తరవాత దాదాపు ఒక జీవితకాలం పాటు కార్ల పొగతో పాటు సీసం గాలిలోకీ, మట్టిలోకీ పోయింది. పెద్దల కంటె పిల్లలకు దాని వల్ల ఎక్కువ హాని. అది పిల్లల మెదడు ఎదుగుదలను చెడగొడుతుంది. క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు భూమి వయస్సు లెక్కకట్టే పనిలో ఉండగా, ఎక్కడ చూసినా సీసమే తగులుతూ ఆయన పరీక్షలను పాడుచేసింది. అది ఎక్కడి నుంచి వస్తున్నదో వెతికి, 1965లో ఆయన లోకానికి హెచ్చరిక చేశాడు. క్రమంగా దేశాలు మేలుకున్నాయి. మన దేశంలో 1995లో పెద్ద నగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా వచ్చింది. చిట్టచివరకు 2021లో అల్జీరియా కూడా మానేయడంతో, ప్రపంచంలో ఎక్కడా కార్లకు సీసపు పెట్రోలు లేకుండా పోయింది.

ఆల్కహాలు తిరిగి వచ్చింది

వందేళ్ళ కిందట పక్కకు నెట్టిన ఆల్కహాలే ఇప్పుడు ఇథనాల్ అన్న పేరుతో మన బండ్లలోకి వచ్చింది. మన దేశానికి ఇది పూర్తిగా కొత్త కాదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, మోటారు బండ్లకు వాడే ఆల్కహాలు గురించి ఒక చట్టం చేశారు. తరవాత పెట్రోలు చవకగా దొరకడంతో ఆ సంగతి వెనకబడింది. బ్రెజిల్ దేశం మాత్రం 1975 నుంచి చెరకు ఆల్కహాలుతో కార్లు నడిపింది. 2003 జనవరిలో మన దేశంలో కొన్ని రాష్ట్రాల్లో నూటికి 5 పాళ్ళు కలపడం మొదలుపెట్టారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022లో దేశమంతటా సగటున 10 పాళ్ళకు చేరింది. 2025లో 20 పాళ్ళు. ఇ-20 అంటే అదే.

ఎందుకు కలుపుతున్నారు? మన దేశం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా బయటి దేశాల నుంచి కొని తెచ్చుకునేదే. ఇంట్లో పండేదానితో కొంతయినా సరిపెట్టుకుంటే ఆ మేరకు డబ్బు దేశంలోనే ఉంటుంది. పైగా ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండటం వల్ల మంట శుభ్రంగా మండి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తగ్గుతుంది.

ఇథనాల్ ఓపిక కూడా గొప్పదే. దాని ఆక్టేను అంకె సుమారు 108. దానికి మరొక సుగుణం ఉంది. డాక్టరు సూదిమందు ఇచ్చే ముందు చేతికి స్పిరిటు రాస్తాడు చూడండి, అప్పుడు చల్లగా అనిపిస్తుంది కదా! ఆల్కహాలు ఆవిరి అవుతూ మన చర్మంలోని వేడిని తీసుకుపోతుంది. సిలిండరులోకి పోయే గాలిని కూడా అది అలాగే చల్లబరుస్తుంది. చల్లబడితే తొందరపాటు ఇంకా తగ్గుతుంది. అందుకనే మన దేశంలో మామూలు పెట్రోలు ఆక్టేను అంకె 91 అయితే, ఇ-20కి 95. మూడో ఆయన చెప్పినదానిలో నిజం ఇంతవరకు ఉంది. అయితే ఆ ఓపికను వాడుకోవాలంటే ఇంజను మరింత గట్టిగా అదమాలి. పాత ఇంజను తన పద్ధతిలో తాను నడుస్తుంది. దానికి ఆ నాలుగు మార్కులూ కలిసిరావు.

మైలేజి లెక్క

ఇక మొదటి ఆయన ఫిర్యాదు చూద్దాం. మీరే లెక్క వేయండి. ఒక లీటరు పెట్రోలులో 3 పాళ్ళ వేడి ఉందనుకుంటే, లీటరు ఇథనాల్‌లో ఇంచుమించు 2 పాళ్ళే ఉంటుంది. 10 లీటర్ల శుద్ధ పెట్రోలులో 30 పాళ్ళ వేడి. 10 లీటర్ల ఇ-20లో 8 లీటర్ల పెట్రోలుకు 24, 2 లీటర్ల ఇథనాల్‌కు 4, వెరసి 28. అంటే నూటికి దాదాపు 7 పాళ్ళు తక్కువ. అంతకుముందు అమ్మిన 10 పాళ్ళ మిశ్రమంలో 29 ఉండేది. కనక నిన్నటికీ నేటికీ తేడా అందులో సగమే.

నిజంగా బండ్లలో ఎంత తగ్గుతుంది? 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన నివేదికలో, శుద్ధ పెట్రోలుతో పోల్చి ఈ అంచనాలు ఇచ్చారు. శుద్ధ పెట్రోలు కోసం తయారై, 10 పాళ్ళకు సరిచేసిన కార్లలో నూటికి 6 నుంచి 7 పాళ్ళు; అటువంటివే రెండు చక్రాల బండ్లలో 3 నుంచి 4 పాళ్ళు; 10 పాళ్ళ కోసం తయారై 20 పాళ్ళకు సరిచేసిన కార్లలో 1 నుంచి 2 పాళ్ళు. లీటరుకు 50 కిలోమీటర్లు పోయే బండి నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే 12 లీటర్లు కావాలి. నూటికి 4 పాళ్ళు తగ్గితే పన్నెండున్నర లీటర్లు పడుతుంది. అర లీటరే కదా అనుకోవద్దు. పాలమ్మి పూట గడుపుకునే ఇంటికి అది లెక్కలోకి వచ్చే ఖర్చే. కాబట్టి మొదటి ఆయన చెప్పింది అబద్ధం కాదు. కాని మైలేజి మూడో వంతు పడిపోయిందని ఎవరైనా అంటే, దానికి కారణం ఇథనాల్ ఒక్కటే కాదు. టైర్లలో గాలి, బిగిసిన బ్రేకు, మురికి పట్టిన ఎయిర్ ఫిల్టరు కూడా చూసుకోవాలి.

రబ్బరూ, వానా

రెండో ఆయన భయం ఇంజను పాడవడం గురించి. ఆల్కహాలు కొన్ని రకాల రబ్బరునూ, బెండునూ ఉబ్బేలా చేస్తుంది. పాత బండ్లలోని పెట్రోలు గొట్టాలూ, గాస్కెట్లూ అటువంటివైతే మెత్తబడి కారవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే బండ్లలో ఇ-20ని తట్టుకునే సామాను వాడుతున్నారు. అంతకుముందు బండ్లవాళ్ళు ఏడాదికొకసారి ఆ గొట్టాలను చూపించుకుని, అవసరమైతే మార్పించుకోవడం మంచిది. పెట్రోలు కారడం అంటే మంటకు పిలుపు.

ఇంకొకటి గాలి లెక్క. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కొత్త బండ్లలో పొగగొట్టంలోని ఆక్సిజన్‌ను కనిపెట్టే సాధనం ఉండి, ఇంజెక్టరు చిలికే ఇంధనాన్ని అదే సరిచేస్తుంది. పాత కార్బురేటరు బండికి ఆ తెలివి లేదు. దానిలో ఇంధనం కొంచెం చాలక, ఇంజను వేడెక్కవచ్చు. దాన్ని మెకానిక్కు సర్దవలసి ఉంటుంది.

కోటవంటి తీరపు ఊళ్ళలో మరొక జాగ్రత్త అవసరం. పెట్రోలూ నీళ్ళూ కలవవు. ఆల్కహాలుకు మాత్రం నీళ్ళంటే ప్రీతి. కొద్దిగా నీరు చేరితే ఆల్కహాలు దాన్ని తనలో కలుపుకుని ఊరుకుంటుంది. హద్దు మీరితే, ఆల్కహాలు పెట్రోలును విడిచి నీటితో జతకట్టి ట్యాంకు అడుక్కు దిగిపోతుంది. ఇంజనుకు ఇంధనం పోయేది అడుగు నుంచే! అప్పుడు బండి దగ్గుతుంది, ఆగిపోతుంది. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేను కూడా తగ్గిపోతుంది. నెల్లూరు తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలూ తుపానులూ కదా. ఆ రోజుల్లో ట్యాంకు మూత గట్టిగా ఉందో లేదో చూసుకోవాలి. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచవలసి వస్తే ముందే ఇంధనాన్ని వాడేసుకోవాలి.

కొత్తపట్నం తీరాన పడవల్లో ఉండే డీజిలు ఇంజన్ల సంగతి వేరు. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గే ఉండదు. గాలిని విపరీతంగా అదిమి, ఆ వేడిలోకి డీజిలు చిమ్మితే అది తనంతట తాను అంటుకోవాలి. అంటే అక్కడ తొందరపాటే సుగుణం! దానికి మార్కులు ఆక్టేనుతో కాక, సీటేను అనే మరో అంకెతో వేస్తారు. మన దేశపు డీజిలుకు అది 51కి తగ్గకూడదు. ఒకచోట దోషమైనది మరోచోట గుణం కావడం చిత్రంగా లేదూ?

అన్నమా, ఇంధనమా?

ఇథనాల్ ఎక్కడి నుంచి వస్తుంది? చెరకు మడ్డి, చెరకు రసం, మొక్కజొన్న, బియ్యపు నూకల నుంచి. నూకల్లోని పిండిపదార్థాన్ని ఎంజైములు చక్కెరగా మారుస్తాయి. చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా మారుస్తుంది. ఇడ్లీపిండి పొంగడంలో ఉన్న సూత్రం ఇటువంటిదే. తరవాత బట్టీ పెట్టి ఆవిరిని చల్లబరుస్తారు. కాని ఎన్నిసార్లు కాచినా నూటికి 95 పాళ్ళు దాటి చిక్కబడదు. మిగిలిన నీటిని సన్నని రంధ్రాలు గల గుళికల చేత పీల్పిస్తారు. అప్పుడే అది పెట్రోలులో కలపడానికి పనికివస్తుంది.

టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మొలగొలుకుల వడ్లకు పేరుపడిన నెల్లూరు సీమలో ఈ అంకె వింటే ఎవరికైనా ఒక ప్రశ్న తోస్తుంది. తినే గింజను బండికి పోయవచ్చునా? పాడైన గింజా, నూకలూ అమ్ముడుపోతే రైతుకు నాలుగు డబ్బులు వస్తాయి, నిజమే. కాని పంట తక్కువైన ఏడు ఏం చేయాలి? 2023 జూలైలో ప్రభుత్వం తన గిడ్డంగుల బియ్యాన్ని ఇథనాల్‌కు ఇవ్వడం ఆపేసింది. 2024లో తిరిగి అనుమతించింది. చెరకుకూ వరికీ నీళ్ళు కూడా ఎక్కువ కావాలి. గడ్డి, దుబ్బులు, ఊకవంటి వాటి నుంచి ఇథనాల్ తీసే పద్ధతులు ఉన్నవి. అవి చవకగా, విరివిగా వచ్చిననాడు ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఆ పని చేయవలసింది మీ తరం వాళ్ళు. కోట దగ్గరే విద్యానగర్‌లో 1979 నుంచి ఇంజనీరింగు కళాశాల ఉంది. రేపు మీలో ఎవరు అటువంటి చోట చదివి దీన్ని సాధిస్తారో!

సీసం కథ మనకు ఒక సంగతి నేర్పుతుంది. ఏ కొత్త వస్తువు వచ్చినా, "అంతా మంచే" అన్నవాళ్ళనూ నమ్మరాదు, "అంతా చెడే" అన్నవాళ్ళనూ నమ్మరాదు. కొలిచి చూడాలి.

మీరే కొలవండి

మీ ఇంట్లో బండి ఉంటే, పెద్దవాళ్ళతో కలిసి ఈ పరీక్ష చేయండి. బంకులో ట్యాంకు నిండుగా పోయించి, మీటరులోని కిలోమీటర్లు పుస్తకంలో రాసుకోండి. సుమారు 200 కిలోమీటర్లు తిరిగాక, అదే బంకులో తిరిగి అంతే నిండుగా పోయించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజి వస్తుంది. ఒక్కసారితో తేల్చకండి, మూడుసార్లు చేసి సగటు కట్టండి. తరవాత టైర్లలో సరిగా గాలి పట్టించి, ఫిల్టరు శుభ్రం చేయించి, మళ్ళీ మూడుసార్లు కొలవండి. రెండు సగటులకూ తేడా ఎంతో చూడండి. పెట్రోలు పోసే పనీ, ట్యాంకు మూత తీసే పనీ మాత్రం పెద్దవాళ్ళవే. మీ పని పెన్సిలూ, పుస్తకమూ, లెక్కా. ఇంటి ముందు అరుగు మీద, "మైలేజి తగ్గింది," "తగ్గలేదు," అని పెద్దలు వాదించుకునేటప్పుడు, ఆ పుస్తకం తెచ్చి వాళ్ళ ముందు పెట్టండి.